పెరుగుకు మినహాయింపు

జనవరి చివర్లో డాక్టర్ తోషెవ్ నా రక్తపరీక్ష కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. గదిలో దీపం వెలుగుతూనే ఉంది. మంచి సంగతి అయితే ఆయన కుర్చీలోంచి లేవడు.

"క్రిస్మస్‌కి ముందు ఎంత బాగుందండీ ఇది," అన్నాడు. "పండక్కి పంది మాంసం తినలేదా మీరు?"

"తిన్నాను."

"సాసేజీలు?"

"అవీ తిన్నాను."

"మరి రక్తం పట్టాల్సిన మనిషికి తగ్గిందేంటి?" కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. "ఐరన్ మాత్ర మానేశారా, వెలిచ్కాగారూ? మానేస్తే మానేశానని చెప్పండి. నేనేం కొట్టను."

"ఒక్క రోజు కూడా మానలేదు."

ఆయన వచ్చి కూర్చున్నాడు. పోయిన వేసవిలో నా గర్భాశయంలోంచి ఒక గడ్డ తీశారు. ఏళ్ళ తరబడి నెలనెలా నన్ను పిండేసిన రక్తస్రావం దాంతో ఆగింది. ఇక మిగిలింది పోయినదాన్ని నింపుకోవడమే. అందుకే ఐరన్ మాత్రలు. వాటితోపాటు ఎముకలకి కాల్షియం, చలికాలం ఎండ లేదు కాబట్టి డి విటమిన్ చుక్కలు.

"తూటు మూసేశాం, నీళ్ళు పోస్తున్నాం," అన్నాడు తోషెవ్. "తొట్టి మాత్రం నిండట్లేదు. అంటే ఇంకో తూటు ఎక్కడో ఉందేమోనని అనుమానపడాలి. మార్చి ఆఖర్న మళ్ళీ చూద్దాం. అప్పటికీ పెరగకపోతే ప్లెవెన్ పెద్దాసుపత్రికి రాస్తాను. గొట్టం వేసి కడుపులోపల చూస్తారు. పది నిమిషాల పని."

మా అమ్మ కూడా ప్లెవెన్ వెళ్ళింది. ఆవిడకీ పది నిమిషాల పనే అన్నారు. ఆవిడ కడుపులో ఒక పుండు చాలా కాలంగా, చప్పుడు లేకుండా, కొంచెం కొంచెంగా రక్తం కారుస్తూ ఉందనీ, అది మామూలు పుండు కాదనీ ఆ పది నిమిషాల్లోనే తెలిసింది. అదే ఏడు ఆకులు రాలే కాలానికి ఆవిడ పోయింది. అప్పటికి ఆవిడకి ఇప్పటి నా వయసే.

ఆ సంగతి తోషెవ్‌కి తెలుసు, నా కాగితాల్లో ఉంది. నేను కోటు వేసుకున్నాను. గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టానని ఆయన వేలితో చూపించాడు.

నేను వ్రాత్సా ఊరి కోర్టులో సాక్షులు చెప్పేది టైపు చేస్తాను. ఇన్నేళ్ళుగా ఇతరుల మాటలు నా వేళ్ళలోంచి పోతున్నాయి. వాటిలో నాది ఒక్కటీ లేదు. ఆ పని వల్ల మనుషుల బుర్ర ఎలా నడుస్తుందో కొంత పట్టుబడింది. సాక్షులు అబద్ధం ఆడేది తక్కువ. పక్కపక్కన జరిగిన రెండు సంగతుల్ని ఒకదానికొకటి ముడివేసేస్తారు, అంతే. కుక్క మొరిగింది, తర్వాత గోడ కూలింది. రెండోసారి అడిగేటప్పటికి కుక్క మొరగబట్టే గోడ కూలినట్టు చెబుతారు. మూడోసారికి ఆ కుక్క మొదట్నుంచీ మంచిది కాదంటారు. అలాంటివి టైపు చేస్తున్నప్పుడు నేను పైకి కనబడకుండా నవ్వుకునేదాన్ని.

ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికి నడుస్తూ నేను కట్టుకున్న వాదం ఆ కుక్క కంటే గొప్పదేమీ కాదు.

చలికాలమంతా మా దోన్కా పిన్ని నా దగ్గరే ఉంటుంది. పల్లెలో ఆవిడ ఇల్లు ఎంత కట్టె కాల్చినా వేడెక్కదు. మా అమ్మకి చెల్లెలు. అమ్మ పోయాక నాతో ఎక్కువ మాట్లాడింది ఈవిడే. అందులో సగం తిట్లు. ఆవిడ చర్చి ఉపవాసాలన్నీ పాటిస్తుంది. మా ఉపవాసమంటే కడుపు మాడ్చుకోవడం కాదు. మాంసం, గుడ్లు, పాలు, పాలతో చేసినవి ముట్టకపోవడం. నవంబరు మధ్య నుంచి క్రిస్మస్ దాకా ఒకటి, ఈస్టర్ ముందు దానికంటే పెద్దది మరొకటి. నాకు నమ్మకం లేదు. కానీ చిన్న వంటగదిలో ఇద్దరు మనుషులకి రెండు గిన్నెలు పెట్టడం వెర్రి అనిపించి, నవంబరులో ఆవిడతోపాటు నేనూ మొదలుపెట్టాను.

"ఏమైందే?" అంది తలుపు తీస్తూనే.

"తగ్గింది."

"ఎంత?"

"తగ్గింది పిన్నీ. మార్చి దాకా చూసి ప్లెవెన్‌కి పంపిస్తాడట."

ఆవిడ నా కోటు అందుకుంది. తగిలించడం మర్చిపోయి చేతిలోనే పట్టుకుని నిలబడింది. ప్లెవెన్ అనే మాట మా ఇంట్లో ఊరి పేరు కాదు.

"నేను చెప్పలేదూ," అంది. "ఉపవాసంలో పెరిగింది. పండక్కి కుక్కి కుక్కి తిన్నావు, తగ్గింది. ఇంకా ఏం రుజువు కావాలి నీకు, కోర్టులో పని చేసేదానివి?"

"సాసేజీలు చేసింది నువ్వే."

"చేసింది నేను. మూడోది అందుకున్నది నువ్వు."

నవ్వాను. కానీ ఆ మాట లోపలికి దిగింది. నిజానికి ఆవిడ అనకముందే అక్కడ ఉంది. దానికి పిన్ని గొంతు దొరికిందంతే. నవంబరు పరీక్షలో నా రక్తం అధ్వాన్నం. ఉపవాసం చేసిన వారాల్లో, చిక్కుడు గింజలూ రొట్టే ఉడికించిన బంగాళాదుంపలూ తింటూ గడిపిన ఆ బూడిదరంగు వారాల్లో, అది పెరిగింది. వెన్న, చీజు, మాంసం, నవ్వులూ తిరిగి రాగానే పడిపోయింది. నమ్మకం లేని మనిషికి కూడా ఇందులో ఒక లెక్క కనబడుతుంది. నా ఒంటికి కావలసింది తిండి కాదు, లేమి. నేను సుఖపడితే అది ఎక్కడో రక్తం కారుస్తుంది. నోరు కట్టుకుంటే నన్ను క్షమిస్తుంది.

ఇది మూఢనమ్మకమని నాకు తెలుసు. పేరు తెలిసినంత మాత్రాన అది వదలదని కూడా ఆ చలికాలం తెలిసింది. చిన్నప్పటి నుంచీ నాలో ఒక గుమాస్తా కూర్చుని ఉన్నాడు. నాకు ఏదైనా బాగుంటే చాలు, దాని ఖర్చు ఎక్కడో రాసుకుంటాడు. ఎండ బాగుంది, రాసుకున్నాడు. ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు, రాసుకున్నాడు. అమ్మ పోయినప్పుడు వాడు నాకు మొత్తం చదివి వినిపించాడు. ఇప్పుడు వాడికి డాక్టరు కాగితం సాక్ష్యంగా దొరికింది.

కనుక ఫిబ్రవరి చివర ఈస్టర్ ఉపవాసం వచ్చినప్పుడు, పిన్ని అడగకముందే నేనూ చేస్తానన్నాను. ఆవిడ సంతోషించలేదు. భయపడింది. నవంబరులో నేను సరదాకి చేస్తున్నట్టు చేశాను. ఈసారి నా ముఖంలో ఆవిడకి ఏదో కనబడి ఉంటుంది.

"ఒంట్లో రక్తం లేని మనిషివి. పెద్ద ఉపవాసం నీ వల్ల అవుతుందా?"

"క్రిస్మస్‌కి అయింది కదా."

"అప్పుడు గొట్టం మాట లేదు," అంది.

మర్నాడు నాకు చెప్పకుండా చర్చికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పటికి తలగుడ్డ మీద మంచు, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. జయించి వచ్చినదానిలా వంటగదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఫాదర్ స్పిరిదోన్ మినహాయింపు ఇచ్చాడు."

"దేనికి?"

"పెరుగుకి. రోగి మందుతో కలిపి పుచ్చుకునేది ఏదైనా మందే, తిండి కాదు అన్నాడు. నువ్వు మాత్ర పెరుగుతో మింగొచ్చు. ఆ తెల్ల బిళ్ళ ఉందే, కాల్షియం, అది కూడా. పాపం లేదు."

క్రిస్మస్ ఉపవాసంలో ఈ విషయం మీద ఆవిడ ఎంత కఠినంగా ఉందో చెప్పాలి. మొదటి రోజే భూతద్దం పెట్టుకుని నా మందుల కాగితాలన్నీ చదివింది. కాల్షియం బిళ్ళలో పాలచక్కెర ఉందని తేల్చి, ఆ డబ్బా అల్మరా పైకి ఎక్కించింది, క్రిస్మస్ దాకా దింపలేదు. ఐరన్ మాత్రలో పాలు లేవని తేలింది. దానికి అనుమతి దొరికింది. కానీ దాన్ని మింగడానికి పెరుగు లేదు. మా వాళ్ళు నీళ్ళతో మందు మింగడమంటే ఒప్పుకోరు. మందు కడుపుని కొరుకుతుంది, కింద ఒక పొర, పైన ఒక పొర పెరుగు ఉండాలి. పెరుగు పనికిరాదు గనక, పిన్ని బాల్కనీలో ఉన్న క్యాబేజీ పీపా నుంచి ఒక గ్లాసు ఊట పట్టి ఇచ్చింది. ఉప్పునీళ్ళలో నిలవ వేసిన క్యాబేజీ ఊట, పళ్ళు జివ్వుమనే పులుపు.

"దీంతో మింగు. మీ తాతయ్య రోజూ పొద్దున్నే ఇది తాగి తొంభై ఏళ్ళు బతికాడు."

"తాతయ్య డెబ్బైకే పోయాడు పిన్నీ."

"తాగకపోతే అరవైకే పోయేవాడు."

అలా ఆ ఉపవాసమంతా ఊటతోనే మింగాను. ఈసారి మాత్రం చర్చి నన్ను కరుణించింది. పిన్ని పాలు తెచ్చి, కాచి, తోడు వేసి, సీసాని తన పాత కోటులో చుట్టి హీటరు పక్కన పడుకోబెట్టేది. ఉపవాసంలో ఉన్న ఆవిడ దాన్ని వేలితో కూడా ముట్టదు. తోడుకుందో లేదో రుచి చూడలేదు కనుక నన్ను చూడమనేది. పొద్దున్నే నేను వంటగదిలోకి వచ్చేటప్పటికి బల్ల మీద అన్నీ వరసగా ఉండేవి. ఐరన్ మాత్ర, కాల్షియం బిళ్ళ, చెంచాలో డి విటమిన్ చుక్కలు, నిండు గ్లాసు చిక్కటి పెరుగు. నేను మింగుతున్నంతసేపూ ఆవిడ నా గొంతు వైపే చూసేది.

"దిగిందా?"

"దిగింది."

"ఇంకో గుక్క వెయ్యి పైన. కడుపు చల్లగా ఉండాలి."

ప్రేమ ఎలా ఉంటుందని నన్నెవరైనా అడిగితే ఆ గ్లాసునే చూపించేదాన్ని. మిగతా రోజంతా నేను పిన్ని కంటే గట్టిగా ఉపవాసం ఉన్నాను. ఈ పెద్ద ఉపవాసంలో నూనె కూడా శని ఆదివారాల్లోనే పనికొస్తుంది. ఆవిడ ఆ రెండు రోజులూ వేసుకునేది, నేను అదీ మానేశాను. కోర్టులో మిఠాయి పంచితే జేబులో వేసుకుని దారిలో ఎవరికైనా ఇచ్చేశాను. ఒళ్ళు తేలిగ్గా ఉన్నట్టు ఉండేది. అది బాగుపడడమని అనుకున్నాను. లోపలి గుమాస్తా ఆ వారాల్లో చాలా మర్యాదగా ఉన్నాడు. ఏమీ రాసుకోలేదు. వాడికి లంచం ఇస్తున్నానని నాకు తెలుసు. అయినా ఇచ్చాను. అమ్మ దారిలో పోకుండా ఉండడానికి ఆ మాత్రం ఎక్కువ కాదనిపించింది.

మార్చి ఆఖరున ఫలితం కోసం వెళ్ళేటప్పుడు పిన్ని కూడా వస్తానంది. వద్దన్నాను. బూట్లు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడింది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు.

తోషెవ్ లేవనే లేదు. మంచి సంగతేననుకున్నాను. కాగితం ఇద్దరికీ కనబడేలా బల్ల మీద పెట్టాడు.

"పెరగలేదు," అన్నాడు. "ఇంకొంచెం దిగింది. ఇక ఆలస్యం చెయ్యడం నాకు ఇష్టం లేదు."

ప్లెవెన్‌కి చీటీ రాయడం మొదలుపెట్టాడు. నా పేరు రాశాడు, పుట్టిన తేదీ రాశాడు. నాకు ఏడుపు రాలేదు. విచిత్రంగా అలసట తీరినట్టు అయింది. ఇన్ని వారాలుగా ఎవరితోనో బేరమాడుతున్నాను. అవతలి మనిషి లేచి వెళ్ళిపోయాడు. ఇక బేరం లేదు.

పిన్ని మాత్రం ఊరుకోలేదు.

"డాక్టరుగారూ, మేం ఏం తప్పు చేశామో చెప్పండి."

"మీరేం తప్పు చెయ్యలేదమ్మా."

"మరి? క్రిస్మస్‌కి ఏం చేశామో ఇప్పుడూ అదే చేశాం. ఇంకా నిష్ఠగా చేశాం. ఇది నూనె కూడా ముట్టలేదు, మొండి ఘటం. మందులకి ఏ లోటూ చెయ్యలేదు. ఫాదర్ దగ్గరికి వెళ్ళి పెరుగుకి మినహాయింపు కూడా తెచ్చాను."

"మంచిది," అన్నాడు ఆయన రాస్తూనే. తర్వాత కలం ఆగింది. "దేనికి తెచ్చారు?"

"పెరుగుకి."

"ఏ పెరుగు?"

"మాత్ర మింగే పెరుగు. ఏ పెరుగేంటి, నేనే తోడు పెడతాను. బజారు సరుకు కాదు."

తోషెవ్ కలం కింద పెట్టాడు. "దోన్కాగారూ, పొద్దున్న ఈవిడ లేచిన దగ్గర్నుంచి చెప్పండి. నెమ్మదిగా."

పిన్ని తలగుడ్డ సర్దుకుని సాక్షిలా నిటారుగా కూర్చుంది. లేస్తుంది, ముఖం కడుక్కుంటుంది, అన్నీ బల్ల మీద సిద్ధంగా ఉంటాయి, ఐరన్, కాల్షియం, చుక్కలు, అన్నీ ఒకేసారి, పెరుగుతో, గ్లాసు నిండా, మళ్ళీ మళ్ళీ లేవక్కర్లేకుండా. నా వేళ్ళు ఒళ్ళో కదలడం గమనించాను. అలవాటుకొద్దీ టైపు చేస్తున్నాయి.

"క్రిస్మస్ ముందు కూడా ఇలాగేనా?"

"అప్పుడెలా అవుతుందండీ? అప్పుడు మినహాయింపు లేదుగా. పాలు ముట్టకూడదు. ఆ తెల్ల బిళ్ళ కూడా పక్కన పెట్టించాను, అందులో పాలచక్కెర ఉంది."

"అయితే మాత్ర దేనితో మింగింది?"

"క్యాబేజీ ఊటతో," అన్నాను నేను. గదిలో నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

తోషెవ్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత అరచేత్తో నుదురు రుద్దుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని ముందు తెలియలేదు.

"క్రిస్మస్ అయ్యాక?" అన్నాడు.

"మళ్ళీ పెరుగు. బిళ్ళ కూడా దింపాం."

"వెలిచ్కాగారూ, మీరు ఉపవాసం చెయ్యడం వల్ల రక్తం పెరగలేదు. తిండి తినడం వల్ల తగ్గలేదు. ఇనుముకీ కాల్షియానికీ లోపలికి పోవడానికి దారి ఒకటే, ఇరుకు దారి. పెరుగు నిండా కాల్షియమే. పైన ఒక కాల్షియం బిళ్ళ కూడా. అంతమంది తలుపు దగ్గర తోసుకుంటుంటే మీ ఇనుము బయటే నిలబడిపోయింది. ఊట దగ్గర ఆ గొడవ లేదు. పైగా పులుపు. క్యాబేజీలో సి విటమిన్ ఉంటుంది, అది ఇనుముని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతుంది. నేను మందు రాశాను, ఇన్ని నెలలూ మోతాదు అడిగాను, దేనితో మింగుతున్నారని ఒక్కసారి అడగలేదు."

పిన్ని ముఖం ఎర్రబడింది. "పెరుగు మంచిది కాదంటారా?"

"మంచిదే."

"మా ఊళ్ళో మనుషులు పెరుగు తినే బతికారు."

"మంచిదేనమ్మా. మధ్యాహ్నం గిన్నెడు తినమనండి, నాకూ ఒక సీసా పంపించండి. పొద్దున్న ఐరన్ మాత్రతో మాత్రం కలవనివ్వకండి. రెండూ మంచివే, ఒకచోట కూర్చోబెడితే పొసగదు. వదినామరదళ్ళలాగ."

"నాకు వదినలు లేరు."

"అదృష్టవంతులు."

ఆవిడ నవ్వలేదు. కానీ భుజాలు కొంచెం కిందికి దిగాయి. "అయితే ఫాదర్ తప్పు చెప్పాడా?"

"పాపం లేదన్నాడు. లేదు కదా మరి. ఆయన పని ఆయన సరిగ్గానే చేశాడు."

తర్వాత ఎప్పుడు ఏది వేసుకోవాలో చెప్పాడు. ఐరన్ పొద్దున్నే పరగడుపున, నిమ్మరసం నీళ్ళతో. కడుపులో మంటగా ఉంటే ఒక రొట్టెముక్క, అంతే. కాఫీ కూడా దానికి అడ్డమే, కనీసం గంట ఆగాలి, ఇంకా ఆగితే మంచిది. కాల్షియం బిళ్ళ రాత్రి భోజనంతో. డి విటమిన్ మధ్యాహ్నం, కాస్త కొవ్వు ఉన్న తిండితో, ఎందుకంటే అది నీళ్ళలో కరగదు, కొవ్వులోనే కరుగుతుంది.

"కొవ్వు ఎక్కడిది?" అంది పిన్ని వెంటనే. "ఉపవాసం. దీనికి నూనె కూడా లేదు."

"వాల్‌నట్స్ ఉపవాసంలో పనికొస్తాయా?"

"వస్తాయి."

"మరి గుప్పెడు పెట్టండి. అందులో నూనె గానుగ ఆడినంత ఉంటుంది."

పిన్ని ఆలోచించింది. ఇందులో ఎక్కడా మోసం లేదని తేల్చుకుని తల ఊపింది.

సగం రాసిన చీటీని తోషెవ్ మడిచి సొరుగులో పెట్టాడు. "దీన్ని చించడం లేదు," అన్నాడు నాతో, ఈసారి నవ్వకుండా. "మీ మలంలో రక్తం లేదు, బరువు తగ్గలేదు, ఆకలి ఉంది. అందుకే ఆగుతున్నాను. ఈస్టర్ అయ్యాక మళ్ళీ పరీక్ష. పెరిగితే ఇది చెత్తబుట్టలోకి. పెరగకపోతే ఏ మాటా లేకుండా వెళ్ళాలి. సరేనా?"

"సరే."

బయటికి వచ్చాక పిన్ని దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. తన చేత్తో తనే, రోజూ, నిండు గ్లాసు అని. ఒక చోట ఆగి నా చెయ్యి పట్టుకుంది. "నేను తోడు పెట్టి తోడు పెట్టి నీ రక్తం..." అంది. నేను ఆవిడ తలగుడ్డ ముడి సరిచేశాను. ఏం చెప్పాలో తెలియనప్పుడు మా వంశంలో అందరం ఎదుటివాళ్ళ బట్టలు సర్దుతాం.

నాకు వెంటనే ఊరట కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ముందు వచ్చింది చిన్న ఆశాభంగం లాంటిది. ఇన్ని వారాలుగా నాకూ నా ఒంటికీ మధ్య ఏదో గంభీరమైన వ్యవహారం నడుస్తోందని అనుకున్నాను. నేరం, శిక్ష, క్షమ. తీరా చూస్తే అక్కడ జరిగింది ఒక ఇరుకు తలుపు దగ్గర తోపులాట. నా సుఖాన్నీ కష్టాన్నీ ఎవరూ చూడలేదు. ఏ సాక్షినైనా రెండో ప్రశ్నకే పట్టుకునేవాళ్ళు, నన్ను నేను ఒక్క ప్రశ్నా అడుక్కోలేదు. భయపడ్డ మనిషికి కారణం అక్కర్లేదు, కథ కావాలి. నాకు మంచి కథ దొరికింది. దాన్ని వదులుకోవడానికి ఒక వారం పట్టింది.

అప్పటికి పీపాలో ఊట బూజు పట్టి పోయింది. నిమ్మకాయలు కొన్నాం. పొద్దున్న బల్ల మీద ఇప్పుడు ఒకే ఒక మాత్ర, ఒక గ్లాసు. మిగతావి పిన్ని వేరే వేరే చోట్ల పెట్టింది, పొరపాటున ఒకదాన్నొకటి చూసుకుంటాయేమో అన్నంత దూరంగా. ఐరన్ కిటికీలో, చుక్కలు రొట్టెల డబ్బా పక్కన, కాల్షియం తన మంచం పక్కన, తన కాపలాలో. నేను కాఫీకి లేస్తే గోడ గడియారం వైపు చూసి, "కూర్చో, ఇంకా అవలేదు," అనేది.

ఈస్టర్ వచ్చింది. ఎర్ర రంగు వేసిన గుడ్లు, గొర్రెపిల్ల మాంసం, వెన్న రాసిన తీపి రొట్టె. అక్కడ నాకు మళ్ళీ భయం వేసింది. పరీక్ష అయ్యేదాకా ఇంకొన్నాళ్ళు నోరు కట్టుకుంటే నష్టమేముంది అనిపించింది. నమ్మి కాదు. ఊరికే, జాగ్రత్తకి. పళ్ళెంలో బంగాళాదుంపలు మాత్రం పెట్టుకున్నాను.

పిన్ని చూసింది. "ఏంటిది?"

"ఆకలి లేదు."

"ఆకలి ఉందని డాక్టరుకి చెప్పావు. పండుగనాడు ఉపవాసం ఉంటే పాపం, తెలుసా? దేవుడు లేచొచ్చిన రోజు ఏడుపు ముఖం పెట్టుకుని బంగాళాదుంపలు తింటావా ఆయన ముందు?"

"ఆయన్ని నేను నమ్మను పిన్నీ."

"ఆయనకి అదేం పట్టింపు లేదు. తిను."

ఒక పెద్ద ముక్క నా పళ్ళెంలో వేసింది. తిన్నాను. మధ్యాహ్నం దోసకాయ ముక్కలూ వెల్లుల్లీ వేసిన పెరుగు తిన్నాను. రెండు ఎర్ర గుడ్లు తిన్నాను, ఒకటి మా పండగ పందెంలో పిన్ని గుడ్డుతో ఢీకొట్టి, పగిలి ఓడిపోయినది, రెండోది పౌరుషానికి. గుమాస్తా కలం తీశాడు. తియ్యనిచ్చాను. రాయడానికి ఏముందో చూద్దామనుకున్నాను.

మంచు కరిగి దారి తెరుచుకున్నాక పిన్ని తన పల్లెకి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు ఏది ఏ వేళకి వేసుకోవాలో నా చేత మళ్ళీ అప్పజెప్పించుకుంది.

మే నెల మొదట్లో, కోర్టులో రెండు కేసుల మధ్య విరామంలో, నడవలో ఉండగా తోషెవ్ ఫోన్ చేశాడు. పలకరింపులు లేవు.

"పెరిగింది," అన్నాడు. "బాగా పెరిగింది. క్రిస్మస్ ముందు కంటే కూడా. వింటున్నారా?"

"వింటున్నాను."

"ఈస్టర్‌కి తిన్నారా?"

"తిన్నాను. చాలా."

"మాంసం, గుడ్లు, పెరుగు, అన్నీ?"

"అన్నీ."

"చూశారా మరి. ఆ చీటీ చించేస్తున్నాను, వినండి." కాగితం చిరిగిన చప్పుడు వినిపించింది. "మాత్రలు ఆపకండి, ఇంకా కొన్ని నెలలు వేసుకోవాలి. మీ పిన్నిగారు పంపిన పెరుగు అయిపోయిందని చెప్పండి."

ఫోను పెట్టేశాక బెంచీ మీద కూర్చున్నాను. బరువైన సంచి చాలా దూరం మోసి కింద పెడితే, వేళ్ళు కాసేపు అలాగే ముడుచుకుని ఉంటాయి. నా లోపల ఏదో అలా ముడుచుకునే ఉంది. నడవలో మనుషులు పోతున్నారు. ఒకాయన తన లాయరు ఎక్కడున్నాడని నన్ను అడిగాడు, చెప్పాను. కొంచెం కొంచెంగా, ఒక్కొక్క వేలే, తెరుచుకోవడం మొదలైంది.

పిన్నికి ఫోన్ చేశాను. కోళ్ళ చప్పుడు మధ్యలోంచి ఆవిడ గొంతు వచ్చింది.

"పెరిగింది పిన్నీ."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"ఇప్పుడే చర్చికి పోతున్నా," అంది. "డాక్టరుకి ఒక కొవ్వొత్తి, ఫాదర్‌కి ఒకటి, పైన." మా చర్చిలో బతికున్నవాళ్ళ కొవ్వొత్తులు పైన పెడతారు, పోయినవాళ్ళవి కింద ఇసకలో.

"ఫాదర్‌కెందుకు? ఆయన వల్లే కదా ఇదంతా."

"ఆయన వల్ల కాకపోతే నేను ఆ డాక్టరు ముందు పెరుగు మాట ఎత్తేదాన్నా? ఊరికే అయ్యేవి కావు ఇవి."

కుక్క, గోడ.

"కింద ఇసకలో మీ అమ్మకి ఒకటి," అంది పిన్ని, గొంతు తగ్గించి. "అక్కకి చెప్పొద్దూ మరి. నీ గురించి కంగారు పడుతుంటుంది."

చాలా ఏళ్ళుగా అమ్మ అనగానే నాకు ఆసుపత్రి దుప్పటీ, దాని మీద ఒక తెల్లటి చెయ్యి కనబడేవి. దానికి వెనక ఏమీ ఉండేది కాదు, అక్కడితో తలుపు వేసి ఉండేది. ఆ మధ్యాహ్నం, కోర్టు నడవలో, నేను కోరకుండానే ఇంకొకటి వచ్చింది. మే నెల. మా పాత ఇంటి వంటగది. అమ్మ కిటికీ గట్టు మీద మోచేతులు ఆనించి నిలబడి, కాగితం పొట్లంలోంచి ఆ ఏటి మొదటి చెర్రీ పళ్ళు తింటోంది. గింజని బుగ్గలో పెట్టుకుని, కింద వీధిలో ఎవరూ లేరని చూసి, ఉఫ్ అని దూరంగా ఊస్తోంది. ఎంత దూరం పోయిందో వంగి చూసుకుంటోంది. నేను తన గౌను పట్టుకుని నాకూ అంటున్నాను. పొట్లం నాకు అందేలా కిందికి దించింది.